కచుంబరు పళ్ళెంలో అమానతు

దోసకాయ కోసేటప్పుడు మా అమ్మీ పాటించిన నియమం ఒకటి మాకు బాల్యం నుండి గుర్తున్నది. ముందుగా తొడిమ వైపు చిన్న ముక్క కోసి, బిస్మిల్లాహ్ అని తన నాలుక మీద వేసుకొనేది. చేదు లేదని తేలిన తరువాతనే ఆ కాయ ముక్కలు పళ్ళెంలో చేరేవి. చేదు తగిలిందా, కాయ ఎంత పెద్దదైనా, ఎంత ధర పెట్టి కొన్నదైనా పెరటి గుంటలోకి పోవలసిందే. పది కాయలు కోస్తే పదిసార్లు రుచి చూసేది. “తినేవాళ్ళ నాలుక మీద మనం పరీక్ష పెట్టకూడదు బేటా” అనేది. ఆ మాటలోని లోతు మాకు అప్పుడు తెలియలేదు. నలభై ఏళ్ళు గడిచి, మదర్సాలో మేము ఎందరికో హదీసు పాఠాలు చెప్పిన తరువాత, ఒక రంజాన్ మాసంలో కీరాకాయల గోతాల మధ్య నిలబడినప్పుడు తెలిసింది. ఆ సంగతి చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మా గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలలలో వేసవి వచ్చిందంటే మిరప పంట కల్లాలకు చేరుతుంది. పత్తి చేలలో ఎండుకట్టె మాత్రమే మిగులుతుంది. చేయి దూరేటంత వెడల్పున నేల బీటలు వారుతుంది. రెంటచింతల ఎండ అని జనం ఒక్క ఊరికే పేరు పెట్టారు గాని, చైత్ర వైశాఖాలలో ఆ ఎండ మా ఊళ్ళన్నింటిదీ. అటువంటి రోజులలో కారం నిండిన కూరల మీదికి మనసు పోదు. చెరువు కింద, బోరు కింద పండిన దోస, కీరా, పచ్చి మామిడి, పుదీనా ఇంటికి చేరితే ప్రాణం లేచివచ్చినట్లు ఉంటుంది. వీటిని పచ్చిగానే సన్నగా తరిగి, ఉప్పు, నిమ్మరసం కలిపి చేసేదే కచుంబరు. పులావు పక్కన వడ్డించినా, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరాల పక్కన పెట్టినా ముందుగా ఖాళీ అయ్యే గిన్నె అదే.

మా ఇంట చేసే విధానం చెబుతాము. ఆరుగురికి మూడు లేత కీరాలు, ఒక నడితరం పసుపు దోసకాయ, ఒక క్యారెట్, సగం పచ్చి మామిడికాయ, ఒక పచ్చిమిరపకాయ, గుప్పెడు పుదీనా, గుప్పెడు కొత్తిమీర, ఒక నిమ్మకాయ చాలు. దోసకాయకు చెక్కు తీసి, రుచి చూసి, గింజలు తీసివేయాలి. కీరా, దోస ముక్కలు శనగగింజంత ఉండాలి. మామిడి, క్యారెట్ అంతకన్న సన్నగా ఉండాలి. ఉప్పు ముందుగా కలిపితే ముక్కలు నీరు వదిలి వడలిపోతాయి. కీరాలో నూటికి తొంభై అయిదు పాళ్ళు నీరే కదా! కనుక ఉప్పు, నిమ్మరసం తినడానికి పది నిమిషాల ముందు మాత్రమే కలపాలి. ఉల్లిపాయ ఇష్టపడేవారు దానిని పలుచగా తరిగి, ఉప్పునీటిలో కడిగి, పిండి వేసుకొంటే ఘాటు తగ్గుతుంది.

ఈ పళ్ళెం మన ధార్మిక గ్రంథాలకు కొత్తది కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తాజా ఖర్జూరాలతో కలిపి దోసజాతి కాయను తింటుండగా తాము చూశామని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఆ హదీసులో వచ్చే ‘ఖిస్సా’ అనే అరబీ పదమే దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలోనూ వస్తుంది. హజ్రత్ మూసా (అలై) జాతివారు ఎడారిలో తమకు దొరుకుతున్న ఆహారంతో విసిగి, భూమిలో పండే కూరాకు, దోస, పప్పు, ఉల్లి కావాలని అడిగిన సందర్భమది. ఈ పదం వచ్చినప్పుడల్లా మా తరగతిలో నవ్వులు పూస్తాయి. ఉర్దూ ఉచ్చారణలో ‘ఖిస్సా’ అంటే కథ కూడా కదా! “హజ్రత్, ప్రవక్త గారు కథను ఎలా తిన్నారు?” అని ఏటా ఒక కొంటె పిల్లవాడు అడగకుండా ఉండడు. ఉర్దూ అనువాదకులు దానిని ‘కకడీ’ అన్నారని, మన కీరాకు అది దగ్గరి చుట్టమని చెప్పి పాఠం ముందుకు నడుపుతాము.

మస్జిదులో ఇఫ్తార్ కోసం చేసే కచుంబరులో మాత్రం మేము ఉల్లిపాయ వేయము. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని ఆ వాసనతో మస్జిదుకు రావద్దని ప్రవక్త (స) వారించారు. తినదలచినవారు వండి ఆ వాసనను పోగొట్టాలని హజ్రత్ ఉమర్ (రజి) సూచించారు. ఇఫ్తార్ చేసిన కొద్ది నిమిషాలకే మగ్రిబ్ నమాజుకు భుజం భుజం కలిపి నిలబడాలి. పక్కవాడికి మన నోటి వాసన కూడా ఇబ్బంది కాకూడదన్నది ఆ ఆదేశంలోని మర్యాద. ఉల్లి లేని లోటును పచ్చి మామిడి, పుదీనా తీరుస్తాయి. ఇన్నేళ్ళుగా ఈ మర్యాదను మేము తప్పకుండా పాటించాము. వాసన విషయంలో ఇంత జాగ్రత్తపడిన మేము, వాసన కూడా లేని మరొక దాని విషయంలో ఎంత నిర్లక్ష్యంగా ఉన్నామో 2022 రంజాన్ మాకు చూపించింది.

ఆ సంవత్సరం మిరప రైతుకు ఎటువంటిదో ఈ సీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు. 2021 చలికాలంలో నల్ల తామరపురుగు మిరప పూతలో చేరి, పూతను పూతగానే రాల్చివేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎందరో రైతులు నిలువు పంటను పీకివేశారు. మా తమ్ముడు పర్చూరు వైపు రెండెకరాలు కౌలుకు తీసుకొని మిరప వేసి ఉన్నాడు. జనవరిలో ఆ చేనును దున్నివేసి, బోరు నీరు అందిన అరెకరంలో కీరా విత్తాడు. రంజాన్ నెలకు కాయ చేతికి వస్తుంది, ఆ నెలలో ధర పలుకుతుంది, కమీషన్ కొట్టు అప్పులో కొంతైనా తీరుతుంది అన్నది అతని ఆశ. ఏప్రిల్ 3న మొదటి ఉపవాసం. ఆ మరునాడే మా ప్రాంతం ప్రకాశం జిల్లా నుండి కొత్త బాపట్ల జిల్లాలోకి మారింది. జిల్లా మారినా అప్పు మాత్రం ఆ కొట్టులోనే ఉన్నది.

మా మహల్లా మస్జిదులో ఇఫ్తార్ వంటలను ఇళ్ళవారీగా పంచుకొంటాము. పదవ రోజా నాడు కచుంబరు మా ఇంటి వంతు. సుమారు వంద మంది రోజాదారులు. ఫజ్ర్ నమాజు కాగానే తమ్ముడి చేనికి వెళ్ళాము. గట్టు మీద స్ప్రేయరు కడిగి బోర్లించి ఉన్నది. అయిదు గోతాల కీరాలు మూతులు కట్టి, ఆటో కోసం సిద్ధంగా ఉన్నాయి. తమ్ముడు బోరు దగ్గర ఉన్నాడు. మేము ఒక గోతం వైపు చేయి చాపబోతుండగా పాక తలుపు చాటు నుండి మరదలు మెల్లగా అన్నది.

“భాయ్‌జాన్, ఆ గోతాలు ముట్టకండి. నిన్న సాయంత్రమే మందు కొట్టారు. బోరు పక్కన నాలుగు పాదులు మందు తగలకుండా మన కోసమే ఉంచాము. వాటి కాయలు బుట్టలో కోసి పెట్టాను. అవి తీసుకెళ్ళండి. రోజా ఉన్నవాళ్ళు తినేవి కదా.”

పాక ముందర రెండు బుట్టల నిండా కాయలు. కొన్ని వంకరవి, కొన్ని మచ్చలవి. మేము అల్‌హమ్దులిల్లాహ్ అని బుట్టలు తీసుకొన్నాము. అంతలో ఆటో వచ్చింది. గోతాలు ఎక్కిస్తున్న తమ్ముడు ఒంటరిగా అవస్థపడుతుంటే, మేమూ ఒక వైపు పట్టి ఎత్తాము. అయిదు గోతాలలో రెండు మా చేతుల మీదుగానే ఆటోలోకి చేరాయి.

ఆ సాయంత్రం కచుంబరు బాగా కుదిరింది. కీరా ఎంత తీయగా ఉన్నదో అని పెద్దలు మెచ్చుకొన్నారు. మేము తలవంచి ఆ మెప్పును అందుకొన్నాము. మా మస్జిదులోని వంద మంది సురక్షితంగా తిన్నారు. అదే వేళ పట్టణంలో ఎన్ని ఇళ్ళలో, ఎన్ని దస్తర్‌ఖానుల మీద, ఎన్ని హోటళ్ళలో ఆ అయిదు గోతాల కాయలు ముక్కలవుతున్నాయో ఆ రాత్రి మాకు తట్టలేదు. తట్టలేదని చెప్పడం కూడా పూర్తి నిజం కాదు. తట్టింది, దానిని పక్కకు నెట్టాము.

మరునాడు ఉదయం తరగతిలో పాఠం వరుసలో వచ్చిన హదీసు, తన కోసం కోరుకొనేదే తన సోదరుని కోసం కోరుకోనంత వరకు మనిషి విశ్వాసం సంపూర్ణం కాదని తెలిపేది. పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడు లేచి, “హజ్రత్, సోదరుడంటే మన ముస్లిం సోదరుడేనా, అందరూనా?” అని అడిగాడు. ఈ మాటను మానవులందరికీ వర్తింపజేసిన వ్యాఖ్యాతలు ఉన్నారని, పొరుగువాని హక్కు మతం చూసి మారదని మేము ఎప్పుడూ చెప్పే సమాధానమే చెప్పాము. చెబుతుండగా గొంతు పట్టుకొన్నది. మా కోసం బుట్ట, సోదరుల కోసం గోతం. నిన్నటి మా నడత ఆ హదీసుకు ఎదురుగా నిలబడి ఉన్నది. పిల్లవానికి సమాధానం దొరికింది. మాకు దొరకలేదు.

ఆ మధ్యాహ్నమంతా మరొక హదీసు మమ్మల్ని వదలలేదు. ప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశి లోపలికి చేయి పోనిచ్చినప్పుడు వేళ్ళకు తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని అడిగి, మోసగించేవాడు తమవాడు కాడని ఆయన హెచ్చరించారు. తడి ధాన్యాన్ని వేళ్ళు కనిపెట్టాయి. చేదు దోసను మా అమ్మీ నాలుక కనిపెట్టేది. నిన్న మందు కొట్టిన కీరాను ఏ వేలు కనిపెడుతుంది? ఏ నాలుక కనిపెడుతుంది? అది తీయగానే ఉంటుంది, నిగనిగలాడుతుంది. కొనేవాని ఇంద్రియాలు కనిపెట్టలేని దానిని అమ్మేవాని మనస్సాక్షి ఒక్కటే చెప్పగలదు. కనుకనే అది అమానతు. తెలిసిన వాని దగ్గర తెలియని వాడు ఉంచిన నమ్మకం.

తరావీహ్ తరువాత తమ్ముడి వద్దకు వెళ్ళాము. విషయం విని అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు:

“మీరు చెప్పేది తప్పని నేను అనను భాయ్‌జాన్. కానీ మీరు పాఠం చెప్పి ఇంటికెళ్తారు. నేను కొట్టుకెళ్ళాలి. లక్షా ఎనభై వేలు బాకీ. బజారులో ఉన్న కాయలన్నీ ఇట్లాగే వస్తాయి. నేనొక్కడిని ఆపితే బజారు ఆగుతుందా?”

“మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగాలని సీసా మీద ఉంది?” అని అడిగాము.

అతడు సీసా తెచ్చాడు. ఫోను వెలుతురులో కాగితం విప్పి, చీమలంత అక్షరాలను ఇద్దరమూ వెతికాము. అయిదు రోజులు అని ఉన్నది. ఏడవ తరగతి వరకు చదివిన మా తమ్ముడు ఆ కాగితాన్ని అంతకు ముందు ఎప్పుడూ విప్పలేదు. మేము మాత్రం? వేల పుటలు తిప్పిన మేము కూడా మా నోటికి వచ్చే ఆహారం గురించిన ఆ ఒక్క కాగితాన్ని ఎన్నడూ చదవలేదు.

“అయిదు రోజులు తీగ మీద కీరా ఆగదు భాయ్‌జాన్. రోజు విడిచి రోజు కోయాల్సిందే. లేకపోతే గింజ ముదిరి పసుపు తిరుగుతుంది. అయిదు రోజులంటే రెండు కోతలు పోయినట్టే” అన్నాడు.

ఇక్కడ మాకు రైతు కష్టం అర్థమైంది. వరికి, కందికి ఆగడం వేరు. రోజు విడిచి రోజు కోసే కూరగాయకు ఆగడం వేరు. ఆ రెండు కోతలే అతనికి పండుగ ధర పలికే కోతలు. ధర్మం చెప్పడం తేలిక. దాని వెల చెల్లించేది ఎవరన్నదే ప్రశ్న. మందు తగలని నాలుగు పాదులూ కాయలేదా అని మేము అడిగితే, “కాశాయి. కానీ ఆ వంకర కాయలు, మచ్చ కాయలు బజారులో ఎవరు కొంటారు? నిగనిగలాడకపోతే మీ పట్టణం వాళ్ళు చేత్తో కూడా ముట్టరు” అన్నాడు. ఆ మాట మాకే తగిలింది. మా శ్రీమతి కోసం బజారుకు వెళ్ళినప్పుడు మేము కూడా నిగనిగలాడే కాయలనే ఏరుకొని వస్తాము.

అప్పుడు మరదలు లోపలి నుండి అన్న మాటతో ఆ రాత్రి తీర్పు కుదిరింది. “మన పిల్లలకు వద్దనుకున్న కాయ ఇంకొకరి పిల్లలకు ఎట్లా పంపామో నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు” అన్నది. ఏ కితాబూ చదవకుండానే ఆమె హదీసు దగ్గరికి మా కన్న ముందు చేరింది.

ఆ తరువాతి రెండు కోతలు బజారుకు వెళ్ళలేదు. ఎనిమిది గోతాల కాయ గుంట తీసి పూడ్చాము. మనుషులకు పనికిరానిది గేదెలకు మాత్రం ఎట్లా వేస్తాము? ఆ నష్టంలో సగం మేము భరించాము. మదర్సా ఉపాధ్యాయుని జీతం ఎంతో పాఠకులకు తెలియనిది కాదు. ఆ ఈదుకు పిల్లలకు తప్ప మా దంపతులకు కొత్త బట్టలు కుట్టలేదు. దానిని త్యాగమని చెప్పుకోవడం లేదు. రెండు గోతాలు ఎత్తిన చేతులు మావి కదా.

అయితే ముందే వెళ్ళిపోయిన ఆ అయిదు గోతాల మాట? తోటి మనుషుల హక్కుకు సంబంధించిన తప్పులో పశ్చాత్తాపం ఒక్కటే చాలదు, హక్కుదారునికి హక్కు చేరాలి అని మేము పాఠంగా చెబుతాము. హక్కుదారులు ఎవరో తెలియనప్పుడు ఆ సొమ్మును, పుణ్యం ఆశించకుండా, వారి తరఫున పేదలకు ఇవ్వాలని ఫిఖహ్ పండితులు చెప్పారు. ఆ గోతాల వెల నాలుగు వేల చిల్లర. అన్నదమ్ములిద్దరం కలిసి ఇచ్చివేశాము. సొమ్ము పోయింది గాని ఆ కాయలు తిన్నవారి కడుపుల నుండి ఆ ముక్కలను మేము వెనుకకు తీసుకోలేము. ఆ లెక్క అల్లాహ్ సన్నిధిలో మిగిలే ఉన్నది. క్షమించమని నేటికీ వేడుకొంటున్నాము.

ఈ సీమకు పురుగుమందు కథ కొత్తది కాదు. మేము విద్యార్థిగా సెలవులకు ఇంటికి వచ్చిన 1987 ప్రాంతంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తుడిచిపెట్టింది. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి, ఆ మందే తాగి ప్రాణం తీసుకొన్న రైతుల ఇళ్ళకు మా అబ్బా పరామర్శకు వెళ్ళి వచ్చి అన్నం ముట్టని రోజులు మాకు గుర్తున్నాయి. ఆ రోజులలో ఖాళీ అయిన మందు డబ్బాలను కడిగి నీళ్ళకు, గింజలకు వాడుకొన్న ఇళ్ళు కూడా చూశాము. అది ఎంతటి ప్రమాదమో 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లా చెప్పింది. పురుగుమందు ఉంచిన డబ్బాలోని నూనెతో వండిన మధ్యాహ్న భోజనం తిని ఒక బడిలో 23 మంది పసిపిల్లలు మరణించారు. హాస్టలు ఉన్న ప్రతి మదర్సా, వంటగది ఉన్న ప్రతి ఇల్లు ఆ పిల్లలను మరువరాదు.

కనుక ఈ వేసవిలో కచుంబరు చేసే ప్రతి ఇంటికి మా విన్నపాలు కొన్ని.

కూరలను మంట మీద పెడతాము, కచుంబరును పెట్టము. అందుచేత పచ్చిగా తినే దానికి కడగడమే మొదటి శుద్ధి. కీరా, దోస, క్యారెట్, మామిడి కాయలను ధారగా పడే నీటి కింద చేతితో రుద్ది కడగాలి. కోసిన తరువాత కాదు, కోయక ముందే. కీరా, దోస, క్యారెట్‌లకు చెక్కు తీయాలి. పుదీనా, కొత్తిమీరలను కాడలు తుంచి, రెండు మూడు నీళ్ళలో ముంచి తీయాలి. కడగడం వల్ల పైన అంటిన మందు కొంత పోతుంది. కాయ లోపలికి ఇంకిన మందు కడిగినా పోదు. కనుక కడగడం మన బాధ్యతే గాని, రైతు ఆగడానికి అది బదులు కాదు.

కొనేటప్పుడు వంకర కాయను, చిన్న మచ్చ ఉన్న కాయను తీసివేయకండి. ఆ కాయ అమ్ముడుపోతేనే రైతుకు మందు తగ్గించే ధైర్యం వస్తుంది. మచ్చ లేనంత మాత్రాన కాయ మంచిదనీ, మచ్చ ఉన్నంత మాత్రాన మందు పడలేదనీ కాదు. మెరుపు ఒక్కటే చూసి ఎంచుకోకండి అన్నదే మా మాట. తెలిసిన రైతు ఉంటే, మందు ఎప్పుడు కొట్టారని మర్యాదగా అడగండి. అడిగేవారు ఉన్నారని తెలిస్తే ఆగేవారు పెరుగుతారు.

సేద్యం చేసే సోదరులు సీసా మీది కాగితాన్ని విప్పి, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో చదివించుకోవాలి. ఆ గడువు మందుకూ మందుకూ, పంటకూ పంటకూ మారుతుంది. డబ్బా మీది త్రికోణం రంగు కూడా చూడాలి. ఎరుపు అన్నింటి కన్న విషపూరితం. తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మా తమ్ముడు తరువాతి ఏడాది పండు ఈగకు ఎర బుట్టలు కట్టాడు, తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు పెట్టాడు, పుచ్చు కాయలను ఏరి పూడ్చాడు, వేపనూనె కొట్టాడు. దానితో మందు పూర్తిగా మానలేదు గాని, చాలా తగ్గింది. కొట్టక తప్పని రోజున ముందు కాయ కోసి, తరువాత కొడుతున్నాడు. గడువు లోపల ముదిరిన కాయను గుంటలో వేస్తున్నాడు. అతని అప్పు ఇంకా తీరలేదు. ఈ దారిలో అతడు లాభపడ్డాడని మేము చెప్పలేము. పాకలో ఇప్పుడు మన బుట్ట, బజారు గోతం అని రెండు లేవని మాత్రం చెప్పగలము.

నిరుటి రంజాన్‌లో మళ్ళీ మా ఇంటి వంతు వచ్చింది. మా శ్రీమతి దోసకాయ తొడిమ కోసి మా చిన్నమ్మాయికి ఇచ్చి, మగ్రిబ్ కాలేదు గనుక మింగవద్దని, నాలుకతో తాకి ఉమ్మివేయమని చెప్పింది. వంట చేసేవారు అవసరం కొద్దీ అలా రుచి చూస్తే ఉపవాసం భంగం కాదన్న మస్‌అలా మేము చెప్పినదే. అమ్మాయి నాలుకతో తాకి, ఉమ్మివేసి, నోరు పుక్కిలించి, “చేదు లేదు అబ్బా” అన్నది. తరువాత ఒక క్షణం ఆగి, “చాచా వాళ్ళు మందు ఎప్పుడు కొట్టారట?” అని అడిగింది.

చెప్పాము. తొమ్మిది రోజులైంది. అప్పుడు కత్తి అందుకొన్నది.

అల్లాహ్ మన దస్తర్‌ఖానులను హలాల్‌తో పాటు పరిశుభ్రతతోనూ నింపుగాక! మనం తినే పళ్ళెం, మనం ఇతరులకు పంపే పళ్ళెం ఒక్కటే అయ్యేలా మన చేతులను దిద్దుగాక! ఆమీన్.